అందరికీ 99 ఇస్తే

2019 వేసవిలో ఒక మధ్యాహ్నం, గుంటూరు దగ్గర కారం పొడి ప్యాక్ చేసే షెడ్డులో నా చేతిలో ఒక ప్యాకెట్ పెట్టారు. సీలు బాగుంది, తూకం బాగుంది. పేరులోని అక్షరాలకే తలకట్లు లేవు. కత్తి ఆరున్నర మిల్లీమీటర్లు తప్పి పడింది. తెగిన తలకట్లు అంతకుముందు వచ్చిన ప్యాకెట్ అడుగున, టీచరు పెట్టిన టిక్కుల్లా వరసగా మిగిలిపోయి ఉన్నాయి.

"గంటకు ఒకటో రెండో ఇలా వస్తాయి సర్. మిగతావన్నీ బంగారం" అన్నాడు ఆపరేటరు.

ఆ మెషీను నిమిషానికి 200 ప్యాకెట్లు కోస్తుంది, గంటకు 12,000. అందులో రెండు చెడితే మెచ్చుకోవాల్సిందే కదా అనిపిస్తుంది. కానీ ఆ రెండు ఏ అట్టపెట్టెలోకి వెళ్లాయో ఎవరికీ తెలియదు. దుకాణదారు తలకట్టు లేని ప్యాకెట్ ఒకటి చూస్తే నకిలీ సరుకు అనుకుని పెట్టె మొత్తం వెనక్కి పంపిస్తాడు. మెషీను తయారు చేసినవాళ్లు కత్తి మార్చారు, సెన్సర్ మార్చారు, మోటారు కూడా మార్చారు. చివరికి సాఫ్ట్‌వేర్ చూడమని నన్ను పిలిచారు.

లోపల జరిగే పని ఇది. ఫిల్మ్ రోల్ నుంచి సెకనుకు అర మీటరు చొప్పున దిగుతూ ఉంటుంది. ప్యాకెట్ పొడవు 150 మిల్లీమీటర్లు. ప్రతి ప్యాకెట్ అంచున ఒక నల్లటి గీత అచ్చు వేసి ఉంటుంది, ఐ మార్క్ అంటారు. సెన్సర్‌కు ఆ గీత కనబడగానే ప్రోగ్రాం కత్తికి ఆజ్ఞ ఇవ్వాలి. ఒక మిల్లీసెకను ఆలస్యమైతే కోత అర మిల్లీమీటరు తప్పుతుంది. అటూ ఇటూ ఒక మిల్లీమీటరు వరకు ఎవరూ పట్టించుకోరు. ఆరున్నర తప్పిందంటే ఆజ్ఞ 13 మిల్లీసెకన్లు ఆలస్యంగా వెళ్లిందన్నమాట.

ప్యానెల్‌లో రెండు కోర్ల, అంటే ఒకేసారి రెండు పనులు నడపగల ప్రాసెసర్ ఉన్న చిన్న బోర్డు, దాని మీద లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్. ఒక కోర్‌ను మెషీను పనికే ప్రత్యేకించారు, మంచి ఆలోచనే. ఆ కోర్ మీద ఏడు థ్రెడ్లు, అంటే ప్రోగ్రాంలో విడివిడిగా సాగే పనులు, నడుస్తున్నాయి: గీతను చూసేది, ఫిల్మ్ లాగేది, సీలింగ్ హీటర్ల వేడి సరిచూసేది, తెర మీద అంకెలు చూపేది, ఆఫీసుకు లెక్కలు పంపేది, జరిగినవన్నీ రాసిపెట్టే లాగ్ ఫైళ్లను కుదించేది, వాచ్‌డాగ్‌ను (తట్టడం ఆగితే అంతా రీసెట్ చేసే కాపలాదారు) తట్టేది. లైనక్స్‌లో రియల్ టైమ్ పనులకు, అంటే గడువు లోపు తప్పక ముగియాల్సిన వాటికి, ప్రయారిటీ 1 నుంచి 99 వరకు ఉంటుంది. అంకె పెద్దదైన కొద్దీ పీట ముందుంటుంది. ఈ ఏడింటికీ 99 ఇచ్చారు.

ఎవరి తప్పూ కాదు, అందరి తప్పూ. కోడ్ చరిత్ర తిరగేస్తే కథ తెలిసింది. మొదట గీతను చూసే థ్రెడ్‌కు 99 ఇచ్చారు. దాంతో ఫిల్మ్ కుదుపుతో నడవడం మొదలైంది, దాన్ని రాసినాయన తన థ్రెడ్‌కూ 99 ఇచ్చుకున్నాడు. తర్వాత తెర నత్తనడక నడుస్తోందని ఫిర్యాదు వచ్చింది, దానికీ 99 ఇచ్చారు. ఇలా రెండేళ్లలో లాగ్ ఫైళ్లు కుదించే పనివాడు కూడా పల్లకి ఎక్కాడు. అందరూ పల్లకి ఎక్కితే మోసేవారెవరు?

పీట సమానమైతే లైనక్స్‌లోని ఫిఫో పద్ధతికి ఒకటే నియమం: ముందు కూర్చున్నవాడు తనంతట తాను లేచేదాకా వెనకవాడు నిలబడాలి. లాగ్ కుదించే థ్రెడ్ ఒకసారి మొదలైతే గరిష్ఠంగా 11 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. సరిగ్గా అప్పుడే గీత కనబడితే కత్తికి ఆజ్ఞ ఇవ్వాల్సిన థ్రెడ్ బొజ్జ నిమురుకుంటున్న గుమాస్తా ముందు నిలబడ్డ రైతులా ఎదురుచూడాల్సిందే. ఆ 11కు ఫిల్మ్ థ్రెడ్‌ది ఒకటిన్నర, గీత థ్రెడ్ సొంత పని కాస్త కలిసి మన 13 మిల్లీసెకన్లు అలా పుట్టాయి.

నన్ను భయపెట్టింది ఆ 13 కాదు. మిగతా థ్రెడ్లు ఒక్కొక్కటి గరిష్ఠంగా ఎంతసేపు కూర్చుంటాయో కొలిచాను. ఫిల్మ్ 1.5, హీటర్లు 6, తెర 6, ఆఫీసు లెక్కలు 3, లాగ్ 11. వాచ్‌డాగ్‌ది లెక్కలోకి రాదు. ఇవన్నీ ఒకే క్షణంలో గీత కన్నా ముందు వరసలో చేరితే 27.5 మిల్లీసెకన్లు, అంటే దాదాపు 14 మిల్లీమీటర్లు. ఆ షెడ్డులో అది ఇంకా జరగలేదు. జరగలేదంటే ముహూర్తం కుదరలేదనే తప్ప, జరగదని కాదు.

రియల్ టైమ్ షెడ్యూలింగ్ అంటే ముఖ్యమైన పనికి ముందు పీట వేయడమని అందరూ అనుకుంటారు. నా మాట వేరు. ముందు పీట వేయడం అందులో చిన్న భాగం. అసలు భాగం లెక్క కట్టడం, లెక్కకు అందని పనిని గుమ్మంలోనే ఆపి కుదరదని చెప్పడం. వంతులు వేసే షెడ్యూలర్‌కు కాదనడం రాకపోతే దాని చేతిలో ఎన్ని ప్రయారిటీలున్నా అవి సిఫారసు లేఖల వంటివే. లేఖ ఎంత పెద్దవారిదైనా సరే, అదే లేఖ వరసలోని వాళ్లందరి దగ్గరా ఉంటే అది ఉత్త కాగితం. తిరుమలలో 300 రూపాయల దర్శనం టికెట్‌ను చూడండి. దాని మీద సమయం అచ్చు వేసి ఉంటుంది. ఆ వేళకు ఎందరిని పంపగలరో ముందే లెక్కగట్టి, అన్ని టికెట్లే అమ్ముతారు. అయిపోయాక ఎంత బతిమాలినా వెబ్‌సైటు కరగదు. సమయం అచ్చు వేయగలిగింది ఆ కరగకపోవడం వల్లనే.

ఈ లెక్కను 1973లోనే ఇద్దరు రాసిపెట్టారు. ఒకరు ఎంఐటీలో ఉన్న సి.ఎల్. లియు, మరొకరు అమెరికా అంతరిక్ష సంస్థ వారి జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీలో పనిచేసే జేమ్స్ లేలాండ్. ఒక్కో పని ఎంత కాలానికి ఒకసారి వస్తుందో, వచ్చినప్పుడు గరిష్ఠంగా ఎంతసేపు పడుతుందో చెప్పమన్నారు. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే ప్రాసెసర్‌లో ఆ పని వాటా వస్తుంది. తరచుగా వచ్చే పనికి పై ప్రయారిటీ ఇచ్చి, వాటాలన్నీ కూడితే ఒక హద్దు లోపు ఉంటే, ఏ గడువూ తప్పదని రుజువు చేశారు. రెండు పనులైతే ఆ హద్దు సుమారు 83 శాతం, మూడైతే 78, పనులెన్ని పెరిగినా 69 కన్నా కిందికి దిగదు. గడువు దగ్గరపడ్డ పనిని ఎప్పటికప్పుడు ముందు చేస్తూ పోతే వంద శాతం దాకా వాడుకోవచ్చని కూడా అదే పత్రంలో ఉంది.

ఇందులో నాకు బాగా నచ్చే సంగతి ఒకటుంది. ప్రయారిటీ గౌరవ చిహ్నం కాదని ఆ లెక్క మొహం మీదే చెబుతుంది. మా మెషీనులో హీటర్ల థ్రెడ్‌ను కిందికి దించుతానంటే అక్కడి మేనేజర్ గారు ఒప్పుకోలేదు. "హీటరే కదండీ అన్నిటికన్నా ముఖ్యం? అది అదుపు తప్పితే రోల్ మొత్తం కరిగిపోతుంది" అన్నారు. ఆయన మాట నిజమే. హీటర్ ముఖ్యమే. కానీ దాన్ని చూడాల్సింది 100 మిల్లీసెకన్లకు ఒకసారి, చూడటానికి పట్టేది 6. ఇనుప దిమ్మ అంత త్వరగా వేడెక్కదు, చల్లారదు. గీతను మాత్రం 2 మిల్లీసెకన్లకు ఒకసారి చూడాలి. ఇంటి పెద్దకు భోజనం అరగంట ఆలస్యమైనా ఫరవాలేదు, ఉయ్యాలలో పసిబిడ్డ ఆగదు. వడ్డించే వరస మర్యాదను బట్టి కాదు, ఓపికను బట్టి.

మార్చింది పెద్దగా ఏమీ లేదు. తెర, ఆఫీసు లెక్కలు, లాగ్ ఈ మూడింటినీ మామూలు థ్రెడ్లుగా మార్చి రెండో కోర్‌కు పంపేశాను. ప్రత్యేక కోర్ మీద, లెక్కలోకి రాని వాచ్‌డాగ్ కాక, మూడే పనులు మిగిలాయి. గీత: 2 మిల్లీసెకన్లకు 0.4, వాటా 20 శాతం. ఫిల్మ్: 5కు 1.5, వాటా 30. హీటర్లు: 100కు 6, వాటా 6. మొత్తం 56, హద్దు 78. కింద సంతకం పెట్టొచ్చు. వాచ్‌డాగ్‌ను తట్టే థ్రెడ్‌ను అన్నిటికన్నా కింద పెట్టాను. పైన పెడితే కింద అందరూ ఆకలితో చచ్చినా అది మాత్రం అంతా క్షేమమని తడుతూనే ఉంటుంది. కాపలావాడికి కూడు అందిందంటే మిగతావాళ్లందరికీ అందినట్లే అని తెలియాలంటే అతను పంక్తి చివరన కూర్చోవాలి.

యజమానికి 56 నచ్చలేదు. "అంటే 44 శాతం ఖాళీగా ఉందన్నమాట. అంత డబ్బు పోసి కొన్న బోర్డు సగం నిద్రపోతోందా?" అని అడిగారు. మేము సర్వర్ల లోకంలో పెరిగాం కాబట్టి ఈ ప్రశ్న మాకూ సహజంగానే వినిపిస్తుంది. అక్కడ ఖాళీ అంటే వృథా. కానీ ఆసుపత్రి ముందు ఖాళీగా నిలబడ్డ 108 బండిని చూసి అందులో కూరగాయలు తోలొచ్చు కదా అని ఎవరూ అనరు. ఆ ఖాళీనే మనం కొనుక్కున్నది.

ఇక్కడ ఒక అభ్యంతరం ఎప్పుడూ వస్తుంది: ఇదంతా పాత కాలపు గోల, ఇంకా వేగంగా పనిచేసే ప్రాసెసర్ కొంటే సరిపోదా? లేడికి లేచిందే పరుగు. వేగం పెరిగితే సగటు తగ్గుతుంది, నిజమే. గడువును తప్పించేది సగటు కాదు. జాన్ స్టాంకోవిక్ అనే ఆచార్యుడు 1988లోనే, రియల్ టైమ్ అంటే వేగమనుకోవడం పెద్ద అపోహ అని ఒక వ్యాసమే రాశాడు. పైగా కొత్త ప్రాసెసర్లన్నీ సగటును మెరుగుపరచడానికే పుట్టినవి. కావాల్సిన సమాచారం ప్రాసెసర్ పక్కనే ఉండే చిన్న జ్ఞాపకశక్తిలో, అంటే క్యాష్‌లో, దొరికితే ఒక సమయం, దొరక్కపోతే దానికి ఎన్నో రెట్లు. ప్రోగ్రాం ఏ దారిన పోతుందో ముందే ఊహించి పరిగెత్తుతాయి, ఊహ తప్పితే వెనక్కి వస్తాయి. ఇంటెల్ ప్రాసెసర్లలోనైతే ఆపరేటింగ్ సిస్టమ్‌కు చెప్పకుండానే మధ్యలో ఆపేసి తన పని చూసుకునే అంతరాయాలున్నాయి. ఇంటివాడు నిద్రలో ఉండగా ఎవరో వచ్చి గడియారం ఆపి, మళ్లీ తిప్పి పోయినట్లు ఉంటుంది. కోర్లు పెంచినా అంతే. పనులు, వాటి వరస అవే ఉండగా ప్రాసెసర్లు పెంచితే మొత్తం పని ఆలస్యంగా ముగిసే సందర్భాలున్నాయని రొనాల్డ్ గ్రాహం 1969లో చూపించాడు.

అదే 1969. జులై 20న అపోలో 11 చంద్రుడి మీదికి దిగుతుండగా కంప్యూటర్ 1202 అని హెచ్చరిక ఇచ్చింది. తర్వాత 1201 అని. తిరుగు ప్రయాణంలో వాడాల్సిన రాడార్ నుంచి అనవసరపు సంకేతాలు వచ్చి ప్రాసెసర్ సమయంలో సుమారు 15 శాతం మింగేశాయి. రెండు సెకన్లకోసారి మొదలవ్వాల్సిన దారి లెక్క, పాతది ముగియక ముందే మళ్లీ మొదలవుతూ పేరుకుపోయింది. కొత్త పనికి జాగా లేదనేదే ఆ 1202కు అర్థం. ఆ కంప్యూటర్‌లో పనులకు వంతులు వేసేది హాల్ లానింగ్ రూపొందించిన ఎగ్జిక్యూటివ్ అనే ప్రోగ్రాం. అది అప్పుడు చేసింది చూడండి. అన్నింటినీ తలా కాస్త నెమ్మదిగా నడిపించలేదు. ఒక్కసారి అంతా తుడిచేసి, దిగడానికి తప్పనిసరైన పనులను మాత్రమే తిరిగి నిలబెట్టింది. 2,048 పదాల చెరిపిరాసే జ్ఞాపకశక్తి ఉన్న యంత్రానికి కాదనడం తెలుసు. మా కారం పొడి మెషీనుకు తెలియలేదు.

కాదనడం తెలిసినా మోసపోయే చోటు ఒకటి మిగిలి ఉంది. లియు, లేలాండ్ లెక్కలో ఒక ఊహ ఉంది: పనులు ఒకదానితో ఒకటి సంబంధం లేనివై ఉండాలి. నిజ జీవితంలో అవి ఒకే తాళం కోసం కొట్టుకుంటాయి. ఉమ్మడి సమాచారాన్ని ఒకేసారి ఇద్దరు ముట్టకుండా వేసేది ఆ తాళం, అది చేతిలో ఉన్న పనే లోపలికి వెళ్లాలి. లేలాండ్ పనిచేసిన ఆ లేబొరేటరీ వాళ్లే పంపిన పాత్‌ఫైండర్ నౌక 1997 జులై 4న అంగారకుడి మీద దిగింది. కొద్ది రోజులకే తనంతట తాను రీసెట్ అవడం మొదలుపెట్టింది. వాతావరణ సమాచారం సేకరించే చిన్న పని, ప్రయారిటీ తక్కువది, ఒక తాళం పట్టుకుంది. సమాచారాన్ని పంచిపెట్టే పెద్ద పని ఆ తాళం కోసం ఆగింది. ఈలోగా మధ్య స్థాయి పనులు వచ్చి, చిన్నదాన్ని పక్కకు నెట్టి, తీరిగ్గా తమ పని చేసుకున్నాయి. చిన్నది కదిలితేనే గదా తాళం వదిలేది! దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదే. పెద్ద పని తన వంతులో ముగియలేదని గమనించిన కాపలా పని మొత్తాన్ని రీసెట్ చేసేది, ఆ రోజు మిగిలిన పనులు మర్నాటికి పడేవి.

మందు అప్పటికే తెలుసు. తాళం పట్టుకున్న చిన్నవాడికి, అతని కోసం ఎదురుచూసే పెద్దవాడి హోదా తాత్కాలికంగా ఇవ్వాలి. షా, రాజ్‌కుమార్, లెహోస్కీ దీన్ని 1990లో రుజువులతో సహా ప్రచురించారు. పాత్‌ఫైండర్ వాడిన వీఎక్స్‌వర్క్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లోనూ ఆ సదుపాయం ఉంది. ఆ తాళానికి మాత్రం అది ఆన్ చేసి లేదు. ఇంజినీర్లు భూమి మీద నకలు యంత్రంతో లోపం పట్టుకుని, మార్పును అంగారకుడికి పంపించారు. ఈ ఉదంతంలో నన్ను ఇప్పటికీ గుచ్చే ముక్క వేరు. ఆ రీసెట్ ప్రయోగానికి ముందు పరీక్షల్లోనూ కనబడింది. మళ్లీ రప్పించలేకపోయారు. గుంటూరు ఆపరేటరు చెప్పిన "గంటకు ఒకటో రెండో" అక్కడా ఉంది, అంతకన్నా అరుదుగా. పరీక్షలు జరిగినదాన్ని చెబుతాయి. జరగగలిగినదాన్ని లెక్కే చెబుతుంది.

లైనక్స్ సంగతికి వద్దాం. లైనక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌లో ఎక్కడున్నా పై పని రాగానే వదిలి రమ్మనే ప్రీఎంప్ట్ ఆర్‌టీ మార్పులు ఇరవై ఏళ్ల పాటు బయట, విడిగా అతికించుకునే ప్యాచ్‌గానే నడిచి, 2024 నవంబరులో వచ్చిన 6.12తో ప్రధాన కెర్నెల్‌లో కలిశాయి. చివరిదాకా అడ్డుపడింది ఏ మహా సిద్ధాంతమో కాదు, తెర మీద సందేశాలు అచ్చు వేసే printk అనే చిన్న భాగం. నాకు ఇది ఎంతో సంతోషం కలిగించిన వార్త. కానీ ఆ వారం వచ్చిన అభినందనలు చూస్తే, ఇక లైనక్స్ రియల్ టైమ్ అయిపోయింది, మనం చేయాల్సింది ఏమీ లేదన్న ధోరణి కనబడింది. ఆ మార్పు తలుపు తెరిచే సమయాన్ని తగ్గిస్తుంది. లోపల ఎందరు పడతారో లెక్కపెట్టదు. ఆ కెర్నెల్ మీద ఏడు థ్రెడ్లకు 99 ఇస్తే తలకట్లు ఎప్పటిలాగే తెగుతాయి.

లెక్కపెట్టేది వేరే ఉంది, 2014లో 3.14 కెర్నెల్‌తో వచ్చింది. షెడ్ డెడ్‌లైన్ అంటారు. అది ప్రయారిటీ అడగదు. ఎంతసేపు కావాలి, ఏ గడువులోగా కావాలి, ఎంత కాలానికి ఒకసారి కావాలి అని మూడు అంకెలు అడుగుతుంది. ఇప్పటికే ఒప్పుకున్నవాటితో కూడి చూసి, మామూలు అమరికలో 95 శాతం దాటితే, జాగా లేదని మొహం మీదే చెప్పి పంపేస్తుంది. లైనక్స్ మొత్తంలో నాకు ప్రీతిపాత్రమైన ఎర్రర్ అది. చెప్పినదానికన్నా ఎక్కువసేపు కూర్చోబోతే తర్వాతి వంతు దాకా లేపి పక్కన పెడుతుంది కూడా. దీనికీ పేచీలున్నాయి. థ్రెడ్‌ను ఒక కోర్‌కు కట్టేస్తే ఇది ఊరికే ఒప్పుకోదు, కోర్లను ముందుగా విడివిడి జట్లుగా విభజించాలి. అందుకే మా మెషీనులో పాత పద్ధతే ఉంచి, లెక్క కాగితం మీద చేశాను.

ప్రతి పనికీ ఇంత ఆర్భాటం అక్కర్లేదు, నేనూ ఒప్పుకుంటాను. మా కాలనీ భజన బృందంలో ఒక కుర్రాడు కీబోర్డును లాప్‌టాప్ ద్వారా వాయిస్తాడు. సెకనుకు 48,000 నమూనాలు, ఒక్కో విడతకు 256. అంటే ప్రతి 5.3 మిల్లీసెకన్లకు ఒక విడత సిద్ధం కావాలి. ఎప్పుడైనా తప్పితే చిటుక్కుమంటుంది, తాళాల మోతలో కలిసిపోతుంది. అక్కడ సగటు చాలు. ఆలస్యమైతే అమృతం విషమయ్యే చోట మాత్రం సగటు చెప్పేవాణ్ని గుమ్మం ఎక్కనివ్వకూడదు.

ఆ లెక్క కాగితాన్ని గుంటూరు మెషీను ప్యానెల్ తలుపు లోపలివైపు అంటించి వచ్చాను. మూడు పనులకు మూడు వరసలు, ఒక్కో వరసలో: పని, ఎంత కాలానికి, గరిష్ఠంగా ఎంత. ఏడాది తర్వాత వాళ్ల కొత్త ఇంజినీరు ఫోను చేశాడు. ప్రతి ప్యాకెట్‌ను ఫొటో తీసి అచ్చు సరిచూసే కెమెరా పెడుతున్నారట, అదే కోర్ మీద.

"దానికి ఏ నంబరు ఇమ్మంటారు సర్?"

"ఎంతసేపు పడుతుంది?"

"పన్నెండు మిల్లీసెకన్లు సర్. ప్యాకెట్‌కు మూడు వందలు ఉంటాయి కదా, నాలుగు శాతమే. మొత్తం అరవై."

"పన్నెండు సగటా, గరిష్ఠమా?"

కాసేపు అటువైపు మాట లేదు. కొలిచి చెబుతానన్నాడు. రెండు రోజుల తర్వాత మళ్లీ ఫోను. ఫిల్మ్ ముడతపడి లైటు కింద మెరిసినప్పుడు ఫొటోలో అంచులు వందల కొద్దీ పుట్టుకొస్తున్నాయట, అప్పుడు 160 పడుతోందట. వాటా 53 శాతం.

"మొత్తం 109 వచ్చింది సర్" అన్నాడు. "నాలుగో వరస రాసి, కొట్టేశాను. కెమెరాకు వేరే బోర్డు కావాలని చెప్పడానికి పైకి వెళ్తున్నాను."